వేళ్లలో ఉన్న పాట కాగితం మీదికి రావాలంటే



మన సంఘాల్లో చాలాచోట్ల ఇప్పుడు కీబోర్డు పక్కనే ఒక లాప్‌టాప్ కూడా కనబడుతోంది. పాట వాయించి రికార్డు చేయడం మన యువకులకు కష్టమేమీ కాదు. అదే పాటను స్వరలిపిగా మార్చి, కాగితం మీద ముద్రించి, ఇంకొకరి చేతికి ఇచ్చి వాయించమన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. సంపాదకీయం పేజీలో పియానో నొటేషన్ సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ముందు జరిగినది చెబుతాను.

మా సంఘంలో నలభై ఏళ్లకు పైగా వాయిస్తున్న మాస్టారు ఒకరున్నారు. మొదట హార్మోనియం, తర్వాత పియానో, ఇప్పుడు కీబోర్డు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఆయన వాయిస్తే పాట తెలియనివాళ్లు కూడా గొంతు కలుపుతారు. కీర్తనల పుస్తకంలో మనకు దొరికేది పాట మాటలు, పైన రాగం పేరు, తాళం పేరు. కుడిచేయి ఏం వాయించాలి, ఎడమచేయి ఎక్కడ ఆగాలి అన్నది అందులో ఉండదు. అది మాస్టారి వేళ్లలోనే ఉంది. నిరుడు ఆ వేళ్లు వణకడం మొదలైంది. అప్పుడు గాని మాకు తెలివి రాలేదు. క్రిస్మస్‌లోగా పది కీర్తనలైనా ఆయన చేత వాయించి, నొటేషన్‌గా భద్రం చేయాలనుకున్నాం.

మొదటి పాట ఆయన మూడు నిమిషాల్లో వాయించారు. నేను సాఫ్ట్‌వేర్‌లో స్కోర్ విండో తెరిచి ప్రింట్ కొట్టాను. ఏడు పేజీలు వచ్చాయి. ట్రినిటీ గ్రేడ్ పరీక్షలకు చదువుతున్న మా సంఘపు అమ్మాయికి ఇచ్చాను. రెండు వరుసలు చూసి కాగితాలు నా చేతిలో పెట్టేసింది. "అయ్యగారూ, ఇది మాస్టారు వాయించిన పాటేనా? ఇందులో స్వరాల కంటే రెస్టులే ఎక్కువున్నాయి" అంది. ఆ అమ్మాయి తప్పు లేదు. మాస్టారి తప్పు అసలే లేదు. మధ్యలో ఉన్న పని నాకు తెలియకపోవడమే కారణం. ఆ పని నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. మీకు అంత పట్టకూడదనే ఈ వ్యాసం.

కంప్యూటర్‌కు తెలిసింది, తెలియనిది

కీబోర్డు నుండి కంప్యూటర్‌కు వెళ్లేది శబ్దం కాదు, మిడి అనే సమాచారం. 1983లో వచ్చిన ఈ పద్ధతి ప్రకారం ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్నవే అందులో ఉంటాయి. ప్రతి మెట్టుకూ ఒక అంకె. కీబోర్డు మధ్యలో ఉండే మిడిల్ సి 60. దాని పైనున్న నల్ల మెట్టు 61. అది సి షార్పా, డి ఫ్లాటా అన్నది మిడికి తెలియదు. అది కుడిచేతి స్వరమా, ఎడమచేతి స్వరమా అన్నదీ తెలియదు. పాట ఏ తాళంలో ఉందో అంతకంటే తెలియదు.

నొటేషన్‌లో ఉండేవి సరిగ్గా అవే. కనుక మిడిని నొటేషన్‌గా మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఊహించక తప్పదు. ఒక లెక్క చూడండి. లాజిక్ ప్రో సాఫ్ట్‌వేర్ ఒక క్రాచెట్‌ను 960 టిక్కులుగా విభజిస్తుంది. మన పరీక్షల పుస్తకాల్లో క్రాచెట్ అనేదాన్నే సాఫ్ట్‌వేర్‌లో క్వార్టర్ నోట్ అంటారు. మాస్టారు ఒక క్రాచెట్ వాయించి, తర్వాతి స్వరానికి వేలు జరపడానికి కొంచెం ముందే మెట్టు వదిలారు. పట్టి ఉంచింది 700 టిక్కులు అనుకుందాం. సాఫ్ట్‌వేర్ దాన్ని దగ్గరి కొలతకు, అంటే 720కి సరిచేసి, చుక్క పెట్టిన క్వేవర్‌గా వ్రాస్తుంది. మిగిలిన 240 టిక్కులకు ఒక సెమీక్వేవర్ రెస్ట్ పెడుతుంది. చెవికి ఒక్క స్వరం, కంటికి ఒక స్వరం, ఒక చుక్క, ఒక రెస్ట్. పాటంతా ఇలాగే సాగితే మూడు నిమిషాల కీర్తన ఏడు పేజీలు అవుతుంది.

సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పడం లేదు. వేలు చేసినదంతా చెబుతోంది. మనకు కావలసింది వేలు చేసినదంతా కాదు, పాట. ఈ రెంటినీ వేరు చేయడమే నొటేషన్‌ను శుభ్రం చేయడం.

రికార్డు చేయకముందే చేయవలసినవి

సగం పని ఇక్కడే ఉంది. మన సంఘాల్లో చాలామంది కీబోర్డు వాయించేవారు సి మేజర్‌లో వాయిస్తూ, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి శృతి మార్చుకుంటారు. ఆ బటన్ ఆన్‌లో ఉండగా రికార్డు చేస్తే కంప్యూటర్‌కు ఏ స్వరాలు చేరాయో తర్వాత తేల్చుకోవడం కష్టం. బటన్‌ను సున్నా దగ్గర పెట్టి, చేతికి అలవాటైన శృతిలోనే వాయించమనండి. కావలసిన శృతికి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో మార్చుకోవచ్చు. కీబోర్డులో తబలా, డ్రమ్స్ వంటి స్టైల్స్ కూడా ఆపేయండి. లేకపోతే అవి కూడా స్వరాల్లో కలిసిపోయే ప్రమాదం ఉంది.

రెండవది మెట్రోనోమ్. దాని టిక్‌టిక్‌తో వాయిస్తే బార్ గీతలు సరిగ్గా పడతాయి. పెద్దలకు అది అలవాటుండదు, వాళ్లను బలవంతపెట్టకూడదు. స్వేచ్ఛగా వాయించనిచ్చి, తర్వాత ప్రతి దెబ్బ ఎక్కడ పడిందో సాఫ్ట్‌వేర్‌కు చూపించవచ్చు. లాజిక్‌లో బీట్ మ్యాపింగ్ ఉన్నది ఇందుకే. ఈ పని చేయకుండా మిగతావన్నీ చేసినా ప్రయోజనం లేదు. పునాది వంకరగా ఉంటే గోడకు ఎంత సున్నం వేసినా నిలబడదు.

మూడవది తాళం. మన కీర్తనల్లో త్రిశ్ర గతిలో నడిచేవి చాలా ఉన్నాయి. దెబ్బకు మూడు భాగాలు. వాటిని 4/4లో రికార్డు చేస్తే పేజీ నిండా ట్రిప్లెట్ గుర్తులు, వాటి మీద 3 అంకెలు. అదే పాటను 6/8 లేదా 12/8లో పెడితే ఒక్క 3 అంకె లేకుండా శుభ్రమైన క్వేవర్లు వస్తాయి. ఇది ముందే నిర్ణయించుకోవాలి. తర్వాత గుర్తొస్తే స్వరాలన్నిటినీ 150 శాతానికి సాగదీసి, వేగం అంకెను ఒకటిన్నర రెట్లు చేయాలి. 60 దగ్గర ఉన్న పాట 90కి వెళుతుంది. చెవికి తేడా తెలియదు, కాగితం మాత్రం మారిపోతుంది.

శుభ్రం చేసే వరుస

ముందుగా రికార్డు చేసిన ట్రాక్‌కు ఒక నకలు తీయండి. అసలు దాన్ని తాళం వేసి పక్కన పెట్టండి. దాన్ని ఎప్పుడూ ముట్టుకోవద్దు. ఎందుకో చివర చెబుతాను. ఇకపై చేసేదంతా నకలు మీదనే.

మొదట చెత్త ఏరండి. వేలు జారి పక్క మెట్టును తాకిన స్వరాలు ప్రతి రికార్డింగులోనూ ఉంటాయి. అవి చాలా చిన్నవి, చాలా మెత్తనివి. వినేటప్పుడు చెవికి ఆనవు గాని కాగితం మీద పెద్ద స్వరాలతో సమానంగా కనబడతాయి. పియానో రోల్ విండోలో సన్నని గీతల్లా కనిపించే వాటిని ఒక్కొక్కటిగా విని తీసేయండి. గుంపుగా తీసేయవద్దు. వాటిలో మాస్టారు కావాలని వేసిన అలంకార స్వరం ఒకటి ఉండవచ్చు.

రెండవది క్వాంటైజ్. ఈ మాటకు రెండు అర్థాలున్నాయి, కలపకూడదు. ఒకటి వాయించిన స్వరాలనే జరిపి దెబ్బ మీద కూర్చోబెట్టేది. అది శబ్దాన్ని మారుస్తుంది. రెండవది చూపుకు మాత్రమే సంబంధించిన డిస్‌ప్లే క్వాంటైజ్. అది కాగితం మీద కనిపించే తీరును మాత్రమే మారుస్తుంది, పాటను ముట్టుకోదు. లాజిక్‌లో, క్యూబేస్‌లో రెండూ ఉన్నాయి. మనకు ముందు కావలసింది రెండవది.

దానికి ఏ కొలత ఇవ్వాలి? పాటలో నిజంగా ఉన్న అతి చిన్న స్వరం ఏదో చూసి అదే ఇవ్వండి. చాలా కీర్తనలకు క్వేవర్, అంటే 8 సరిపోతుంది. వేగంగా నడిచేవాటికి 16. లాజిక్‌లో 16,24 వంటి జంట కొలతలు కూడా ఉన్నాయి. 16 మామూలు స్వరాలకు, 24 ట్రిప్లెట్లకు. ట్రిప్లెట్లు లేని పాటకు ఈ జంట కొలత పెట్టారో, లేనివి పుట్టుకొస్తాయి. ఎలాగంటే, స్వరం 100 టిక్కులు ఆలస్యంగా పడిందనుకోండి. ఒక మోస్తరు వేగంలో అది సెకనులో పదో వంతు మాత్రమే. 16 ఒక్కటే ఉంటే గళ్ల మధ్య దూరం 240, కనుక ఆ స్వరం సున్నాకే దగ్గర, దెబ్బ మీదికే వస్తుంది. పక్కన 24 కూడా ఉంటే 160 దగ్గర ఇంకొక గడి ఉంది. 100కి సున్నా కంటే 160 దగ్గర. ఇక అది ట్రిప్లెట్ కాబోలని సాఫ్ట్‌వేర్ అనుమానిస్తుంది.

మూడవది స్వరాల నిడివి. పియానో వాయించేవారి వేళ్లు స్వరం పూర్తికాకముందే లేచినా పెడల్ శబ్దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే చెవికి వెలితి తెలియదు. లాజిక్‌లో ఇంటర్‌ప్రెటేషన్ అనే అమరిక ఆన్ చేస్తే చిన్న చిన్న ఖాళీలను మింగేసి స్వరాలను నిండుగా చూపిస్తుంది. నో ఓవర్‌ల్యాప్ అనేది ఒక స్వరం తర్వాతి స్వరం మీదికి కొద్దిగా పొర్లినప్పుడు కలిగే అనవసరపు టై గీతలను తీసేస్తుంది. సింకొపేషన్ అనేది దెబ్బకు అటూ ఇటూ పడిన స్వరాన్ని రెండు ముక్కలుగా కట్టకుండా ఒకటిగా చూపిస్తుంది. క్యూబేస్‌లోనూ ఇంచుమించు ఇలాంటివే ఉండేవి. 14వ సంచికతో అందులోని స్కోర్ ఎడిటర్ డోరికో పద్ధతికి మారింది గనుక పేర్లు, స్థానాలు కొంత మారాయి. మాస్టారి పాటలో ఈ ఒక్క మెట్టు దాటేసరికి ఏడు పేజీలు నాలుగయ్యాయి.

నాలుగవది రెండు చేతులు. సాఫ్ట్‌వేర్ సాధారణంగా మిడిల్ సి దగ్గర కత్తెర వేస్తుంది. పైవన్నీ ట్రెబుల్ క్లెఫ్‌కు, కిందివన్నీ బాస్ క్లెఫ్‌కు. మనుషుల చేతులు అలా ఉండవు. కుడిచేయి కిందికి దిగుతుంది, ఎడమచేయి పైకి ఎక్కుతుంది. రాగం మధ్యలో రెండు స్వరాలు బాస్ క్లెఫ్‌లోకి దూకితే చదివేవారు అక్కడ తడబడతారు. లాజిక్‌లో ఒక్కో చేతి స్వరాలకు ఒక్కో మిడి ఛానెల్ ఇచ్చి, ఛానెల్ ప్రకారం విడదీసే పియానో స్టైల్ పెట్టుకోవచ్చు. వాయిస్ సెపరేషన్ అనే పనిముట్టుతో స్వరాల మధ్య గీత గీసినా అవి విడిపోతాయి. ఒక పరీక్ష గుర్తుంచుకోండి. ఒక చేతికిచ్చిన స్వరాలను ఆ చేయి నిజంగా అందుకోగలదా? అష్టకం దాటి ఒకటి రెండు మెట్లకు మించి ఒకే చేతికి పెడితే, అది ఎక్కడో రెండవ చేతి స్వరమే.

ఐదవది ఒకే చేతిలో రెండు గొంతులు. పై వేళ్లు రాగం నడుపుతుంటే కింది వేలు ఒక స్వరాన్ని పట్టుకుని ఉంటుంది. రెంటినీ ఒకే గొంతుగా వ్రాస్తే, పట్టుకున్న స్వరం ముక్కలై టై గీతలతో నిండిపోతుంది. రెండు వాయిస్‌లుగా విడదీసి, రాగం కాడలు పైకి, కింది స్వరం కాడలు కిందికి పెట్టండి. రెండవ వాయిస్ లేని చోట కనిపించే రెస్టులను దాచేయండి. అయితే గొంతులు విడదీయాలన్న ఉత్సాహంలో మూడు, నాలుగు చేయవద్దు. మన పాటలకు చేతికి రెండు చాలు, చాలాచోట్ల ఒకటే చాలు.

ఆరవది స్వరాల పేర్లు. ఇ ఫ్లాట్ మేజర్‌లో ఉన్న పాటకు కీ సిగ్నేచర్ పెట్టకపోతే సాఫ్ట్‌వేర్ ఇ ఫ్లాట్‌ను డి షార్ప్ అని, ఎ ఫ్లాట్‌ను జి షార్ప్ అని వ్రాయవచ్చు. మెట్టు అదే, చదివేవారికి నరకం. ముందు సరైన కీ సిగ్నేచర్ పెట్టండి, చాలావరకు సర్దుకుంటాయి. మిగిలిన ఒకటి రెంటిని ఎన్‌హార్మోనిక్ షిఫ్ట్‌తో మార్చండి.

ఏడవది పెడల్. మిడిలో పెడల్‌కు 64వ నంబర్ కంట్రోలర్. కాలు కదిపిన ప్రతిసారీ ఒక గుర్తు ముద్రించనిస్తే కింది వరుస దాని గుర్తులతోనే నిండిపోతుంది. వాటిని దాచి, మొదట్లో 'పెడల్‌తో' అని ఒక్క మాట వ్రాస్తే సరిపోతుంది. అలాగే ఎక్కడ మెత్తగా, ఎక్కడ గట్టిగా అన్నది మీరే గుర్తులు పెట్టి చెప్పండి. మెట్టు నొక్కిన బలం మిడిలో అంకెగా ఉన్నా, అది తనంతట తాను కాగితం మీద గుర్తుగా మారదు.

చివరిది పేజీ. ప్రతి చరణం తర్వాత పల్లవి మళ్లీ వస్తుంది. రికార్డింగులో నాలుగుసార్లు ఉంది కదా అని నాలుగుసార్లు ముద్రించనక్కరలేదు. ఒక పల్లవి, ఒక చరణం, రిపీట్ గుర్తులు. మాస్టారు ఒక్కో చరణానికి ఒక్కోలా వాయించి ఉంటే బాగున్నదాన్ని ఉంచి, మరొకదాన్ని కింద ప్రత్యామ్నాయంగా చూపండి. వరుసకు నాలుగు బార్లు పెట్టండి. పేజీ తిప్పవలసిన చోటు చేయి ఖాళీగా ఉన్న చోట పడేలా చూడండి. మా ఏడు పేజీలు చివరకు రెండయ్యాయి.

ఈ పనిని మ్యూస్‌స్కోర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముగించాలనుకునేవారికి ఒక మాట. అందులోకి మిడి ఫైల్ తీసుకెళితే మీరు సరిచేసిన పేర్లు, గొంతులు పోయి మళ్లీ మొదటికే వస్తుంది. మ్యూజిక్ ఎక్స్ఎమ్ఎల్ రూపంలో ఎగుమతి చేయండి. అందులో స్వరం పేరు, ఏ స్టాఫ్, ఏ వాయిస్ అన్నీ వెంట వెళతాయి.

శుభ్రం చేస్తూ నేను పోగొట్టినది

రెండు పేజీల ప్రతిని ఆ అమ్మాయికి ఇచ్చాను. ఈసారి ఆగకుండా వాయించింది. పక్కన కూర్చున్న మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. మూడవ వరుస చివర ఆమె నాలుగవ వరుసలోకి వెళ్లగానే ఆయన కళ్లు తెరిచి, "ఇక్కడ ఊపిరి ఏదమ్మా?" అన్నారు.

అమ్మాయి నా వైపు చూసింది. నాకు అర్థమైంది. మాస్టారు ఆ చోట ప్రతిసారీ దాదాపు ఒక దెబ్బ అదనంగా ఆగేవారు. బార్లు కూర్చేటప్పుడు అక్కడ నాలుగు బదులు ఐదు దెబ్బలు వచ్చాయి. పెద్దాయన చేయి ఆలస్యమైందేమో అనుకుని, ఆ ఐదవ దెబ్బను నేను కత్తిరించేశాను. కాగితం మీద బార్ అందంగా కుదిరింది. ఆయన మెల్లగా చెప్పారు: "అది పొడుగు వరుస అయ్యగారూ. వెనక బెంచీల్లో ముసలివాళ్లు ఊపిరి తీసుకోకపోతే తర్వాతి మాట అందుకోలేరు. వాళ్లకోసం ఆగుతాను."

నలభై ఏళ్లుగా ఆ పాట మా సంఘంలో అందరూ కలిసి పాడగలగడానికి ఒక కారణం ఆ దెబ్బలోనే ఉంది. శుభ్రత పేరుతో నేను తుడిచేసింది దాన్నే. అసలు రికార్డింగును ముట్టుకోకుండా ఉంచాం గనుక సరిపోయింది. అది మళ్లీ విని, బార్‌ను నాలుగు దెబ్బలతోనే ఉంచి, ఆ స్వరం మీద ఫెర్మాటా గుర్తు పెట్టాం. సగం చందమామ, మధ్యలో ఒక చుక్క. పక్కన 'సంఘం ఊపిరి తీసుకునే వరకు' అని తెలుగులో వ్రాశాం. తర్వాత మిగిలిన తొమ్మిది పాటలకూ ఒక నియమం పెట్టుకున్నాం. పొరపాటని తోచినది ఒకసారే వస్తే తీసేయవచ్చు. ప్రతి చరణంలోనూ అదే చోట వస్తే అది పొరపాటు కాదు, వాయించినవారిని అడగాలి.

పదకొండవ శతాబ్దంలో ఇటలీలో గైడో అనే సన్యాసి ఉండేవాడు. ఆరాధన పాటలను గురువు నోట విని మాత్రమే నేర్చుకోవలసిన రోజులవి. ఆయన గీతల మీద స్వరాలను నిలబెట్టే పద్ధతిని స్థిరపరచి, పదేళ్లు పట్టే చదువు ఏడాదిలో, మహా అయితే రెండేళ్లలో పూర్తవుతుందని వ్రాసుకున్నాడు. గురువు దగ్గర లేకపోయినా పాట అందాలన్నదే ఆయన తాపత్రయం. ఈ రోజు మన లాప్‌టాప్‌లో చేసే పని ఉద్దేశం కూడా అంతకు మించినది కాదు.

మీ సంఘంలోనూ ఇలాంటి మాస్టారో, అమ్మగారో ఉండే ఉంటారు. వారు ఇంకా వాయించగలిగినప్పుడే వెళ్లి కూర్చోండి. రికార్డు చేయండి, శుభ్రం చేయండి. చివరి ప్రతిని ముద్రించే ముందు మాత్రం, ఆ పాటను ఎప్పుడూ వాయించనివారి చేత ఒకసారి వాయించి, దాన్ని వారికి వినిపించండి. వారు ఎక్కడ కళ్లు తెరుస్తారో గమనించండి. అక్కడ దిద్దవలసినది ఇంకా మిగిలి ఉంది.